పదిహేడో కార్డు

"ఇందులో మా సొంత మాట ఒక్కటీ లేదు."

ఈ వాక్యం రాసింది నేనే. ఒక చిన్న పుస్తకం మొదటి పేజీలో, లావు అక్షరాలతో, చుట్టూ గీత కొట్టి మరీ పెట్టాను. పెట్టిన రోజు గర్వంగా ఉండింది. ఇప్పుడు ఎవరి ఫోనులోనైనా ఆ పేజీ కనబడితే తల పక్కకు తిప్పుకుంటాను.

నాకు నంద్యాలలో బస్టాండుకు దగ్గర్లో డీటీపీ అంగడి ఉంది. పెళ్లికార్డులు, గృహప్రవేశాలు, దినకర్మల కార్డులు, ఫ్లెక్సీలు, ఇరవై ఏళ్లుగా ఇవే. మనుషుల్ని అంత సులభంగా నమ్మను. పెళ్లికార్డులో పిల్లోడి చదువు ఒకటి రాయించి, ఆ పెళ్లి ఫ్లెక్సీలోనే ఇంకొకటి రాయించేవాళ్లను రోజూ చూస్తుంటే ఎవరికైనా ఈ గుణం వస్తుంది. మా ఇంట్లోవాళ్లు దీన్ని అనుమానం అంటారు. నేను అనుభవం అంటాను.

అంగడి పైగదిలో ఆదివారం మధ్యాహ్నాలు కొందరం చేరి ఆటలు ఆడతాం. పులిజూదం, అష్టాచెమ్మాలతో మొదలుపెట్టి, అట్టపెట్టెల్లో వచ్చే కొత్త బోర్డు గేముల దాకా వచ్చాం. బ్యాంకులో పనిచేసే ఆమె ఒకరు, ఇద్దరు టీచర్లు, దొర్నిపాడు నుంచి బండి మీద వచ్చే ఒక రైతు. బల్ల ఉంది కానీ ఎండాకాలం దాన్ని గోడకు నెట్టేసి నేల మీద పరిచిన బేతంచెర్ల బండల మీదే కూర్చుంటాం. చల్లగా ఉంటుంది.

మా వాట్సాప్ గుంపులోకి ఆళ్లగడ్డ నుంచి ఒకాయన వచ్చాడు. రాతి శిల్పాలు చెక్కే కుటుంబం. అన్న చెక్కుతాడు, ఈయనకు ఉలి అబ్బలేదు. ఈయన ఒక ఆట తయారుచేస్తున్నాడు. నల్లమలలో తేనె తీసేవాళ్ల మీద. కొండచరియలు, తేనెపట్లు, ఎలుగుబంట్లు, ఒక పులి. ఆటలో జరిపే కాయలన్నీ బొటనవేలంత రాతి బొమ్మలు, వాటిని అన్న చెక్కి ఇస్తాడు. పెట్టె ఇంకా తయారు కాలేదు. కానీ ఆటలోని కార్డుల్లో ఒక్కోదాని బొమ్మను ప్రతి శుక్రవారం గుంపులో పెట్టేవాడు. ఈ వారం ఎలుగుబంటి. వచ్చే వారం వాగు.

అందరూ శుక్రవారం కోసం కాచుకుని ఉండేవాళ్లు. నేనూ ఉండేదాన్ని, కాకపోతే పైకి చెప్పేదాన్ని కాదు. వారానికి ఒకటే ఎందుకు పెడుతున్నాడు, అన్నీ ఒకేసారి పెడితే ఏం పోయింది, మమ్మల్ని ఊరించి పెట్టె రాకముందే పెట్టెకు గిరాకీ పెంచుకుంటున్నాడా అని లోపల లెక్కలు వేసుకునేదాన్ని. తీపి మాటలు మాట్లాడేవాడిని ఒకసారి అనుమానించాలి, అస్సలు మాట్లాడనివాడిని రెండుసార్లు అనుమానించాలి. ఈయన రెండో రకం. బొమ్మ పెట్టేవాడు, పోయేవాడు.

కొన్ని నెలలకు ముప్పై కార్డులు దాటాయి. గుంపులో ఎప్పుడూ ఒకటే గోల. వాగు కార్డు ఎక్కడుంది, ఎలుగుబంటి కార్డులో ఏం రాసుంది, ఎవరైనా మళ్లీ పెట్టండి అని. నాకు చిరాకు పుట్టింది. ఒక సాయంత్రం కూర్చుని అన్నీ ఏరి, వరసలో పెట్టి, బొమ్మల రంగులు సరిచేసి, ఒక పుస్తకంలా కట్టాను. అచ్చు వేయలేదు. ఫోనులో చూసుకునేట్టు పీడీఎఫ్ చేశాను.

బ్యాంకు ఆమె ఒక్కతే అంది, "ఆయన్ను ఒక మాట అడగల్ల గదా అక్కా, పంపేముందు."

"వీధిలో పెట్టిందే గదా. నేను పళ్లెంలో సర్దినా, అంతే" అన్నాను.

"అయినా అడిగితే ఏమైతాది?"

"అడిగితే వద్దంటాడు."

అడిగితే వద్దంటాడని తెలిసినప్పుడే మనం అడగకుండా ఊరుకుంటాం. ఆ సంగతి నాకు ఆరోజూ తెలుసు.

ఇక పదిహేడో కార్డు. ఆ కార్డు బొమ్మలో ఒక మనిషి కొండచరియ మీంచి తాడు పట్టుకుని వేలాడుతుంటాడు. పైన తాడు పట్టుకున్నవాడి చెయ్యి మాత్రమే కనబడుతుంది, మొహం కనబడదు. మిగతా అన్ని కార్డుల్లో బొమ్మ కింద నియమం రాసి ఉంటుంది. దీంట్లో ఆయన నల్ల పట్టీ వేశాడు. "ఇది పెట్టె వచ్చాకే" అని పట్టీ మీద రాశాడు.

ఆ నల్ల పట్టీ నా పుస్తకంలో కన్నంలా కనబడింది. తీసేస్తే తెల్లటి ఖాళీ. మా వృత్తిలో ఖాళీని ఎవరూ సహించరు. పెళ్లివాళ్లు ముహూర్తం వివరాలు ఇవ్వకపోయినా మేం ఖాళీ వదలం. పాత కార్డులోంచి ఎవరిదో ముహూర్తం తెచ్చి అక్కడ నింపి ప్రూఫు ఇస్తాం. వాళ్లు చూసి, ఇది మాది కాదు అని ఎర్రపెన్నుతో కొట్టేసి, తమది రాసిస్తారు. ఇరవై ఏళ్లుగా నా చెయ్యి అలాగే నడిచింది. ఖాళీ కనబడగానే నింపేస్తుంది.

నింపడానికి నా దగ్గర సరుకు కూడా ఉంది. నల్లమల గూడెం నుంచి ఒక పెద్దామె నెలకోసారి తేనె తెచ్చి మా వీధిలో అమ్ముతుంది. సీసా మూతికి మోదుగాకు చుట్టి నారతో కడుతుంది. అలసిపోయినప్పుడు మా అంగడి మెట్ల మీద కూర్చుని నీళ్లు తాగుతుంది. ఒకసారి మాటల్లో చెప్పింది, వాళ్ల ఇళ్లల్లో కొండ తేనెకు దిగేటప్పుడు తాడు అన్నదమ్ముల చేతికి ఇవ్వరట. బామ్మర్ది చేతికే ఇస్తారట.

"ఎందుకట్ల?" అని అడిగాను.

"తమ్ముడు తాడు వదిల్తే వానికి పోయేదేముంది మా? బామ్మర్ది వదిల్తే వాని అక్క బొట్టు పోతాది" అంది.

నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. లోకమంతా నాలాగే అనుమానిస్తుందని రుజువు దొరికినట్టు అనిపించింది. పదిహేడో కార్డు కింద నల్ల పట్టీ తీసేసి, ఆయన అక్షరాల్లాంటి అక్షరాలతోనే రాశాను: "తాడు పట్టేది బామ్మర్ది. అన్నో తమ్ముడో పట్టుకుంటే ఒక వంతు పోతుంది."

పుస్తకం గుంపులో పెట్టాను. ప్రూఫు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

సాయంత్రానికి అది మా గుంపు దాటింది. ప్యాపిలిలో ఎవరో చూశామన్నారు. మెచ్చుకునేవాళ్లే అందరూ. ఆటాయన మాత్రం ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ శుక్రవారం బొమ్మ పెట్టలేదు, తర్వాతి శుక్రవారం కూడా పెట్టలేదు. ఏదో ఎత్తు వేస్తున్నాడు అనుకున్నాను.

పది రోజులకు ఫోను చేశాడు.

"అక్కా, పదిహేడు నీకు ఎవురు చెప్పినారు?"

కోపం లేదు గొంతులో. అదే నాకు భయం పుట్టించింది. ఈయన కాల్ రికార్డు చేస్తున్నాడు, నా నోటితో నేనే కల్పించానని అనిపించి గుంపులో పెడతాడు, ఇరవై ఏళ్ల పేరు గంగలో కలుస్తుంది అని క్షణంలో అనుకున్నాను.

"నాకెవురూ చెప్పల్యా" అన్నాను.

"ఎవురూ చెప్పకుండా యాడ నుంచి వచ్చింది?"

"గుంపులోనే ఎవురో పెట్టింటారు. చూసుకో."

అది అబద్ధం. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

"ఆ ముక్క ఇద్దురికే తెల్సు అక్కా. నాకూ, మా అన్నకూ. బొమ్మలు చెక్కేటప్పుడు ఇద్దురం కూచోని ఆడి చూస్తాంటిమి" అన్నాడు. "పోయిన నెల మా అన్న మీ అంగడికి వచ్చినాడు గదా?"

వచ్చిన మాట నిజమే. తన శిల్పాల అంగడికి విజిటింగ్ కార్డులు వేయించుకోవడానికి వచ్చాడు. అరగంట కూర్చుని, టీ తాగి, రెండు మాటలు మాట్లాడి పోయాడు. ఆటను గురించి ఒక్క ముక్క అనలేదు.

"వచ్చినాడు" అన్నాను.

"సరే అక్కా" అని పెట్టేశాడు.

అసలు నేను రాసింది ఆయన దాచిపెట్టిన నియమంతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందని నాకు అప్పుడు అర్థమైంది. ఎలా సరిపోయిందో అర్థం కాలేదు. వెంటనే మళ్లీ ఫోను చేసి, అయ్యా మీ అన్నకేం సంబంధం లేదు అని చెప్పాల్సింది. చెయ్యలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఎందుకు, ఆయన అడగనిదానికి నేనెందుకు జవాబివ్వాలి అని నాకు నేనే చెప్పుకున్నాను.

కొన్నాళ్లకు గుంపులో ఒక కబురు పెట్టాడు, రాతి కాయలు ఆలస్యమవుతాయని. దొర్నిపాడు రైతు ఆ ఆదివారం వచ్చినప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఆయనకు ఆళ్లగడ్డలో చుట్టాలున్నారు.

"అన్నదమ్ములకు మాటల్లేవంట అక్కా. రెండు షెడ్లకు మధ్యలో తలుపుంటే అన్న మూసేసి అడ్డంగా బండ పెట్టినాడంట. తమ్ముడు ఏందో దొంగతనం అంటగట్టినాడంట."

నా బుద్ధి చూడండి. మొదట నాకు తట్టిందేమిటంటే, ఇదంతా ఆట గురించి పదిమందీ మాట్లాడుకోవాలని అన్నదమ్ములిద్దరూ ఆడుతున్న నాటకమేమో అని. ఆ మాట పైకి కూడా అన్నాను. దొర్నిపాడు రైతు నన్ను అదోలా చూసి, పాచికలు అందుకున్నాడు.

తేనె పెద్దామె ఆ నెల ఆలస్యంగా వచ్చింది. నీళ్లిచ్చి అడిగాను.

"పెద్దమ్మా, ఆ తాడు సంగతి నాకు గాక ఇంకెవురికన్నా చెప్పినావా?"

"యాల చెప్పను? అడిగినోళ్లందరికీ చెప్తా. ఆళ్లగడ్డ నుంచి ఒకాయప్ప మా గూడేనికొచ్చి మూడు దినాలుండి రాసుకోని పోయినాడు. మా ఆయన తాడు పేనేది కూడా బొమ్మ గీసుకున్నాడు."

అదీ సంగతి. ఆయనకూ నాకూ చెప్పింది ఒకే మనిషి. ఎవరూ ఎవరికీ మోయలేదు. వంతు పోవడం సంగతా, ఏ ఆటలోనైనా తప్పు చేస్తే పోయేది వంతే కదా.

నేను ఆమెకు జరిగింది చెప్పాను. చెప్పడం కూడా సగమే చెప్పాను, నా అబద్ధం దగ్గరికొచ్చేసరికి మింగేశాను. ఆమె నీళ్ల చెంబు పక్కన పెట్టి, "మా మాట పట్టుకోని మీరు మీరు కొట్లాడుకుంటాండారా?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఆయన అన్న ఏం చేసినాడు పాపం?" అంది. ఖాళీ చెంబు తీసుకుని లోపలికి పోయాను.

మరుసటి రోజు అంగడి మూసి ఆళ్లగడ్డ బస్సెక్కాను. శిరివెళ్ల దాటేదాకా, దిగిపోయి వెనక్కి పోదామా అనే ఆలోచనే. ఆళ్లగడ్డలో దిగి అడిగితే చూపించారు. రోడ్డు పక్కన రెండు షెడ్లు. మొదటిదాంట్లోంచి ఉలి చప్పుడు వస్తోంది. రెండోదాంట్లో ఈయన అట్టముక్కల మధ్య కూర్చుని ఉన్నాడు. ఫోనులో గొంతు విని ముదురు మనిషి అనుకున్నాను. నాకంటే పదేళ్లు చిన్న. మధ్య గోడకున్న తలుపు మూసి ఉంది, కింది సందులోంచి అవతల అడ్డం పెట్టిన బండ నిజంగానే కనబడుతోంది.

కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పాను.

"పదిహేడులో ఉండేది నేను సొంతంగా రాసింది. మీ అన్న నాకేమీ చెప్పల్యా."

ఆయన ఫోను తీశాడు. నా పుస్తకం తెరిచి, మొదటి పేజీ నా ముందుకు నెట్టాడు.

"చదువు అక్కా."

చదవలేదు. ఏముందో నాకు తెలుసు కదా.

"సొంత మాట ఒక్కటీ లేదని రాసినావ్. ఇది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"అది అబద్ధం."

"గుంపులో ఎవురో పెట్టింటారంటివి ఫోన్లో?"

"అదీ అబద్ధమే."

"రెండు అబద్ధాలు చెప్పి, మూడోది నిజమంటాండావ్. ఎట్ల నమ్మాల?" అన్నాడు. "మా అన్న పంపినాడా నిన్ను?"

నాకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చి నిజం చెబితే నమ్మకపోవడమేంటి అని. ఆ కోపంలోనే తెలిసింది, నేను నలుగురికీ రోజూ చేసేదే ఈయన నాకు చేస్తున్నాడు. నమ్మడానికి నేను ఆయనకు ఏ దారీ మిగల్చలేదు.

అప్పుడు తేనె పెద్దామె సంగతి చెప్పాను. సీసా మూతికి మోదుగాకు చుట్టే ఆమె, ఆమె భర్త తాడు పేనేవాడు, నువ్వు మూడు రోజులుండి బొమ్మ గీసుకున్నావట అని. ఆయన మొహం మారింది. చేతిలో అట్టముక్క కింద పెట్టాడు.

"ఆమె మీ అంగడికి వస్తాదా?"

"నెలనెలా వస్తాది."

"వంతు పోతాదని ఎట్ల తెల్సింది?"

"ఆటలో తప్పు చేస్తే వంతు గాక ఇంకేం పోతాది అప్పా?"

కింద పెట్టిన అట్టముక్కను పక్కకు జరిపాడు. తర్వాత, "నేను వారానికి ఒకటి ఇస్తాంటి. పట్టీ కింద ఏముందో అనుకుంటా జనం కాచుకోనుంటిరి. నువ్వు అన్నీ ఒకేసారి కుప్ప పోసినావ్. అది కూడా ఓర్చుకుంటి. దాచిందాన్ని నువ్వే రాసి, నా అక్షరాల మాదిరే రాసి, నా పేరు మింద ఎట్ల పెట్టినావ్ అక్కా? ఒక్క ఫోన్ చేసింటే సరిపోతాండె గదా" అన్నాడు.

తప్పయిందని చెప్పాను. ఆ మాట నేను ఎవరికైనా చెప్పి ఎన్నేళ్లయిందో.

పక్క షెడ్డులో ఉలి చప్పుడు ఎప్పుడు ఆగిందో మేం గమనించలేదు. వీధి వైపు నుంచి అన్న వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. చేతులకూ కనుబొమలకూ రాతిపొడి. మా మాటలు విన్నాడని మొహమే చెబుతోంది. తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"అన్నా, ఇనింటివా? ఈమె ఇప్పుడే చెప్పింది. నేను..."

"ఇన్యా" అన్నాడు అన్న. నా వైపు చూసి, "కూచో మా, ఎండన పడి వచ్చినావ్" అన్నాడు. తర్వాత తమ్ముడితో, అదే గొంతుతో, "నన్నొక మాట అడిగింటే చెప్పింటి గదప్పా. నువ్వు అడగనే లేదు. నువ్వే చేసినావ్ అన్యావ్."

"తప్పైంది. కాయలు మళ్లీ..."

"కాయలు నాతో కాదులే. కార్డు రాసుకున్యావ్ గదా, అన్నదమ్ముల చేతికి తాడు ఇయ్యొద్దని. ఇంగ ఎవురన్నా బామ్మర్దిని చూసుకో."

అరవలేదు. నీళ్లు తాగడానికి వచ్చినవాడిలా బిందెలో చెంబు ముంచి తాగి, వీధిలోంచే తన షెడ్డుకు పోయాడు. కాసేపటికి ఉలి చప్పుడు మళ్లీ మొదలైంది. తమ్ముడు గోడ తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను అక్కడ ఉండటం ఎవరికీ మంచిది కాదని తెలిసి, చెప్పకుండానే వచ్చేశాను.

ఆ సాయంత్రమే గుంపులో రాశాను. ఆ పుస్తకం తీసేయండి, పదిహేడు కింద ఉన్నది నేను రాసింది, ఆయనది కాదు అని. బ్యాంకు ఆమె ఒక్కతే చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. మిగతావాళ్లు చూశారో లేదో.

చాలా నెలల తర్వాత ఆట పెట్టె వచ్చింది. డబ్బు కట్టి నాదీ ఒకటి తెప్పించుకున్నాను. అందంగా ఉంది. కాయలు చెక్కవి, ఎక్కడో బయట చేయించినవి. కార్డులు వరసగా పేర్చుకుంటూ పోయాను. పదిహేను, పదహారు, పద్దెనిమిది. పదిహేడు లేదు. మళ్లీ లెక్కపెట్టాను. పెట్టె తలకిందులు చేసి దులిపాను. నా మీద కక్షతో నా పెట్టెలోంచి మాత్రమే తీసేశాడా అని కూడా అనుకున్నాను. చెప్పాను కదా, నా బుద్ధి అలాంటిది.

దొర్నిపాడు రైతుకు ఫోను చేశాను.

"అందరి పెట్టెలోనూ అంతే అక్కా. పదిహేడు వెయ్యల్యా ఆయన. ఆ నంబరు అట్లే ఖాళీగా పెట్టేసినాడు."

నేను ఒక్క గీత ఖాళీ వదల్లేకపోయాను. ఆయన కార్డుకు కార్డే వదిలేశాడు.

"నువ్వేం దిగులు పడొద్దులే" అంటున్నాడు అవతల రైతు. "నీ పుస్తకం ఉండాది గదా ఫోన్లో. ఆ పేజీ ప్రింటు తీసి అట్టకు అంటించి పెట్టెలో ఏసుకున్యాం. బాగుంది. ప్యాపిలోళ్లు అడిగితే వాళ్లకూ పంపినా."

"అది ఆటలో లేదప్పా. నేను రాసింది. గుంపులో చెప్పినా గదా, అది ఆయన మాట కాదు."

రైతు నవ్వాడు.

"ఊరుకో అక్కా. సొంత మాట ఒక్కటీ లేదని మొదటి పేజీలోనే రాసినావ్ గదా."